పిల్లల పిప్పిపళ్లకు ఏ ఫిల్లింగ్ మంచిది? ఫ్లోరైడ్ వదిలే సిమెంట్ నిజంగా పుచ్చును ఆపుతుందా?

ఇద్దరు పిల్లల అమ్మ (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. మా బాబుకి ఆరేళ్లు. కింది దవడలో కుడిపక్క ఒకటి, ఎడమపక్క ఒకటి పళ్లు పుచ్చాయి. రాత్రిపూట నొప్పి లేదు. అన్నం ఇరుక్కుంటోందని, చల్లనివి తాగితే జివ్వుమంటోందని అంటాడు. ఇంటి దగ్గర క్లినిక్‌లో చూపిస్తే గ్లాస్ అయొనమర్ సిమెంట్ పెడతామన్నారు. అది ఫ్లోరైడ్ వదులుతూ ఉంటుందట, మళ్లీ పుచ్చు రాకుండా చూస్తుందట. ఇంకోచోట అడిగితే, అది పాతకాలం సిమెంట్, ఊడిపోతుంది, లైట్‌తో గట్టిపరిచే కాంపోజిట్ అనే పంటిరంగు ఫిల్లింగ్ పెట్టించండి అన్నారు. దానికి ఖర్చు చాలా ఎక్కువ. ఖర్చు సంగతి ఎలాగోలా చూసుకుంటాం, పిల్లాడికి ఏది మంచిదో అది తెలియాలి.

ఇంకో టెన్షన్ కూడా ఉంది. మా అత్తగారిది నల్గొండ జిల్లా. ఫ్లోరైడ్ అనే మాట వినగానే ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "మా అన్నదమ్ముల నడుములు వంగిపోయింది దానివల్లే, మళ్లీ దాన్నే పిల్లాడి నోట్లో పెట్టిస్తారా?" అంటున్నారు. ఆవిడకి ఏం చెప్పాలో నాకు తెలియడం లేదు. తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

ఖమ్మం పళ్ల డాక్టర్

అమ్మా, రెండు విషయాలు చెబితే సరైన జవాబు ఇవ్వగలను. పుచ్చు నమిలే వైపు ఉందా, రెండు పళ్ల సందులో ఉందా? ఎక్స్-రే తీశారా? ఈ రెండూ తెలియకుండా ఫలానా సిమెంట్ మంచిదని చెప్పడం సరికాదు. ఒకే నోట్లో రెండు పళ్లకి రెండు రకాల వైద్యం కావలసి రావచ్చు.

మునుగోడు వాసి

అక్కా, మీ అత్తగారి బాధ నాకు తెలుసు. మా దిక్కు పళ్లు పసుపు, గోధుమ రంగు చారలతో ఉన్నవాళ్లు ఇంటికొకరు ఉండేవారు. కాళ్లు వంకరపోయి మంచం దిగలేనివాళ్లను చూస్తూ పెరిగినం. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 వరకు పర్వాలేదని మన దేశ ప్రమాణం చెబుతుంది. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసేసే పద్ధతికి మా జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అన్నరు. కృష్ణా నీళ్లు నల్లాలకు వచ్చినంక పరిస్థితి మారింది. అయినా ఆ పేరు వింటే మావాళ్లకు గుండె ఝల్లుమంటది. అందుకే డాక్టర్ గారిని సూటిగా అడుగుతున్న: సిమెంట్ నుంచి ఎంత వస్తుంది, అది కడుపులోకి పోతే ఏమైతది?

ఖమ్మం పళ్ల డాక్టర్

తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. నా దగ్గరికి నల్గొండ, సూర్యాపేట వైపు నుంచి వచ్చేవాళ్లలో ఈ భయం ఎక్కువ. దాన్ని నేనెప్పుడూ తేలిగ్గా తీసుకోలేదు. 1937లోనే అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో ఫ్లోరోసిస్‌ను గుర్తించి రాశారు. ఆ తర్వాత కొన్ని తరాలు దానితోనే బతికాయి.

ముందు లెక్క చూద్దాం. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న నీళ్లు రోజుకు రెండు లీటర్లు తాగితే 8 మిల్లీగ్రాములు ఒంట్లోకి వెళ్తాయి. వంటనీళ్లలోది ఇంకా అదనం. ఏళ్ల తరబడి రోజూ ఇదే జరిగితే ఎముకలు దెబ్బతింటాయి. పంటిలో పెట్టే సిమెంట్ బఠాణీ గింజలో సగం కూడా ఉండదు. పెట్టిన మొదటి ఒకటి రెండు రోజుల్లో కాస్త ఎక్కువ ఫ్లోరైడ్ వదులుతుంది, తర్వాత వారాల్లో బాగా తగ్గిపోయి, చాలా కొద్దికొద్దిగా వస్తూ ఉంటుంది. ఆ కొద్ది మైక్రోగ్రాముల లెక్కలో ఉంటుంది, అంటే మిల్లీగ్రాములో వెయ్యోవంతు. పెద్దవాళ్లు వాడే 1000 పీపీఎం పేస్ట్, అంటే పది లక్షల భాగాల్లో వెయ్యి భాగాలు ఫ్లోరైడ్ ఉన్నది, బఠాణీ గింజంత తీసుకుంటే అందులోనే పావు మిల్లీగ్రాము ఉంటుంది. సిమెంట్ నుంచి వచ్చేది దాని ముందు చాలా తక్కువ.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. పళ్లపై వచ్చే ఫ్లోరోసిస్ మచ్చలు, పన్ను దవడలోపల తయారవుతున్న వయసులో, అంటే సుమారు ఎనిమిదేళ్లలోపు, మింగిన ఫ్లోరైడ్ రక్తంలోంచి అక్కడికి చేరడం వల్ల వస్తాయి. బయటికి వచ్చేసిన పంటికి పైనుంచి తగిలే ఫ్లోరైడ్ ఆ మచ్చలు తెప్పించదు. అది చేసే పని వేరు. మనం తిన్న ప్రతిసారీ పాచిలోని బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆమ్లాన్ని కొలిచే అంకె పీహెచ్, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువని అర్థం. పీహెచ్ 5.5 కన్నా కిందికి దిగితే ఎనామెల్‌లోని (పంటి గట్టి పైపొరలోని) కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి వస్తాయి. కాసేపటికి లాలాజలం ఆ ఆమ్లాన్ని తగ్గించి, పోయిన ఖనిజాల్ని తిరిగి పంటిలో చేరుస్తుంది. ఆ చేర్చే సమయంలో పక్కన కొంచెం ఫ్లోరైడ్ ఉంటే, కొత్తగా ఏర్పడే పొర పాతదానికన్నా గట్టిగా ఉంటుంది, పీహెచ్ 4.5 దాకా తట్టుకుంటుంది. పుచ్చు, మరమ్మతు రెండూ రోజంతా జరుగుతూనే ఉంటాయి. ఏది ఎక్కువైతే పన్ను అటు వెళ్తుంది.

మీ అత్తగారితో ఇలా చెప్పండమ్మా: నడుములు వంచింది తాగిన నీళ్లు. పంటిమీద పెట్టేది తాగేది కాదు. ఇంకోటి కూడా చెప్పండి, ఫ్లోరోసిస్ వచ్చిన పళ్లు పుచ్చవని అనుకోవద్దు. పైపొర గుంతలు పడి పెచ్చులూడిన పళ్లు ఇంకా తొందరగా పుచ్చుతాయి.

మునుగోడు వాసి

మంచిగ చెప్పిన్రు డాక్టర్ గారూ. ఇది మా అమ్మకు చదివి వినిపిస్త.

కెమిస్ట్రీ మాస్టారు (తెనాలి)

ఈ సిమెంట్ రసాయనశాస్త్రం నాకు చాలా ఇష్టమైన విషయం, అందుకని కొంచెం ఎక్కువ రాస్తాను.

పూర్వం ముందుపళ్లకి సిలికేట్ సిమెంట్ అనేది వాడేవారు. గాజుపొడి, ఫాస్ఫారిక్ ఆమ్లం కలిపి పెట్టేవారు. అది కొన్నేళ్లకే అరిగిపోయేది, రంగు మారేది. కానీ వైద్యులు ఒకటి గమనించారు. ఆ సిమెంట్ పక్కన పన్ను మళ్లీ పుచ్చడం అరుదు. కారణం గాజులో ఉన్న ఫ్లోరైడ్. గాజు తయారుచేసేటప్పుడు సులభంగా కరగడానికి ఫ్లోరైడ్ లవణాలు కలిపేవారు. పుచ్చును ఆపాలని కలిపింది కాదు, కొలిమి కోసం కలిపింది.

తర్వాత లండన్‌లోని ప్రభుత్వ రసాయన ప్రయోగశాలలో అలన్ విల్సన్, బ్రయాన్ కెంట్ అనే శాస్త్రవేత్తలు ఆ గాజునే మార్చి, ఫాస్ఫారిక్ ఆమ్లం బదులు పాలీఅక్రిలిక్ ఆమ్లం కలిపారు. 1970ల మొదట్లో వచ్చిన గ్లాస్ అయొనమర్ అదే. ఆమ్లం గాజురేణువుల పైపొరను మాత్రమే కరిగిస్తుంది. అందులోంచి వచ్చిన కాల్షియం, అల్యూమినియం అయాన్లు పొడవాటి ఆమ్లపు గొలుసుల్ని ఒకదానితో ఒకటి కట్టేస్తాయి, ముద్ద గట్టిపడుతుంది. కరగని గాజురేణువులు వేరుశనగ చెక్కలో పల్లీల్లా మధ్యలో మిగిలిపోతాయి. ఫ్లోరైడ్ ఈ కట్టులో భాగం కాదు, స్వేచ్ఛగా ఉంటుంది. అందుకే అది బయటికి వెళ్లిపోయినా సిమెంట్ బలం తగ్గదు.

అదే ఆమ్లపు గొలుసులు పంటిలోని కాల్షియంతోనూ బంధం వేసుకుంటాయి. జిగురు పూయకుండానే తడి పంటిని పట్టుకునే గుణం దీనికి అలా వచ్చింది. నా దృష్టిలో ఈ సిమెంట్ గొప్పతనం ఫ్లోరైడ్ కన్నా ఇక్కడే ఎక్కువ ఉంది.

బీడీఎస్ ఫైనలియర్ (విజయవాడ)

మాస్టారు గారూ, చాలా బాగా చెప్పారు. ఒకటి కలుపుతాను. ఈ సిమెంట్ ఫ్లోరైడ్‌ను వదలడమే కాదు, తిరిగి పీల్చుకుంటుంది కూడా. ఫ్లోరైడ్ పేస్ట్‌తో తోముకున్నప్పుడు కొంత లోపలికి తీసుకుని, తర్వాత మెల్లగా వదులుతుంది. మా క్లాసులో దీన్ని రీచార్జ్ అంటారు. కాబట్టి సిమెంట్ పెట్టించుకుని ఫ్లోరైడ్ లేని పేస్ట్ వాడితే ఈ లాభం చాలావరకు పోతుంది.

అయితే మా ప్రొఫెసర్ గారు పదేపదే చెప్పేది కూడా రాయాలి. ల్యాబ్‌లో నీళ్లలో పెట్టి కొలిస్తే ఫ్లోరైడ్ వదలడం స్పష్టంగా కనిపిస్తుంది. మనుషుల నోళ్లలో ఏళ్లతరబడి చూసిన పరిశోధనల్లో మాత్రం ఫిల్లింగ్ అంచున మళ్లీ పుచ్చు తగ్గడం అన్నిచోట్లా ఒకేలా కనిపించలేదు. కొన్నిట్లో తగ్గింది, కొన్నిట్లో తేడా లేదు. కాబట్టి "ఇది పెట్టిస్తే ఇక పుచ్చదు" అని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి.

ఇద్దరు పిల్లల అమ్మ (హైదరాబాద్)

చాలా చాలా థాంక్స్ అండి అందరికీ. మా అత్తగారికి డాక్టర్ గారు రాసింది మొత్తం చదివి వినిపించాను. నీళ్ల లెక్క విన్నాక కాస్త మెత్తబడ్డారు.

ఈరోజు ఎక్స్-రే తీయించాం. కుడిపక్క పన్నులో పుచ్చు నమిలే వైపు మాత్రమే ఉంది, చిన్నదే. ఎడమపక్కది రెండు దవడపళ్ల సందులోంచి మొదలైంది, లోతుగా ఉంది, కానీ నరం దాకా వెళ్లలేదు అన్నారు. రెండూ పాలపళ్లే.

వరంగల్ బాబాయ్

అమ్మా, అడుగుతున్నానని ఏమనుకోకు. పాలపళ్లే కదా, ఎలాగూ ఊడిపోతాయి. వాటికి ఇంత ఖర్చు, ఇంత చర్చ అవసరమా? మా కాలంలో ఎవరూ పట్టించుకోలేదు.

ఖమ్మం పళ్ల డాక్టర్

బాబాయ్ గారూ, రోజూ నా ఎదుట వినిపించే మాటే ఇది, అందుకే వివరంగా చెబుతాను. ముందుపళ్లు ఆరేడేళ్లకే ఊడతాయి, నిజమే. వెనక ఉన్న పాల దవడపళ్లు మాత్రం పది, పన్నెండేళ్ల దాకా ఉండాలి. ఈ బాబు ఇంకో నాలుగైదేళ్లు వాటితోనే నమలాలి. పుచ్చు నరం దాకా వెళ్తే రాత్రిళ్లు నొప్పి, బుగ్గవాపు, జ్వరం, బడి మానడం. చీముపట్టిన పాలపన్ను కింద తయారవుతున్న శాశ్వత పన్ను కూడా దెబ్బతినవచ్చు. ముందే పీకేస్తే వెనకపన్ను ముందుకు జరిగి ఖాళీని మూసేస్తుంది, కొత్తపన్ను వంకరగా వస్తుంది. అప్పుడు తీగలు కట్టించడానికి అయ్యే ఖర్చు ఇప్పటి ఫిల్లింగ్‌కన్నా ఎన్నో రెట్లు.

ఇక ఈ బాబు పళ్ల గురించి. కుడిపక్కది నమిలే వైపు ఒక్కటే, చిన్నది. దానికి గట్టి రకం గ్లాస్ అయొనమర్ నేను నిశ్చింతగా పెడతాను. ఫ్యూజీ 9, కీటాక్ మోలార్ లాంటివి ఈ రకమే. మత్తు సూది లేకుండా, చాలాసార్లు డ్రిల్ కూడా లేకుండా చేతిపరికరంతో మెత్తబడిన భాగం తీసేసి నింపవచ్చు. ఈ పద్ధతి 1980ల మధ్యలో టాంజానియాలో మొదలైంది. కరెంటు, డెంటల్ కుర్చీ లేని పల్లెల్లో పళ్లు పీకకుండా కాపాడాలని జో ఫ్రెంకెన్ అనే డచ్ వైద్యుడు, ఆయన సహచరులు మొదలుపెట్టారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో దీన్ని ప్రోత్సహించింది. పేదదేశాల కోసం పుట్టింది కాబట్టి తక్కువరకం అనుకోకండి. సూది అంటే భయపడే పిల్లలున్న ధనికదేశాల్లోనూ ఇప్పుడు ఇదే చేస్తున్నారు.

కాంపోజిట్ మంచిది కాదని కాదు. అందంగా ఉంటుంది, అరుగుదల తక్కువ. కానీ పెట్టేటప్పుడు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి. ఆరేళ్ల పిల్లాడు కదలకుండా, ఉమ్మి తగలకుండా నోరు తెరిచి కూర్చోవాలి. లైట్ పెట్టగానే కాంపోజిట్ కాస్త ముడుచుకుంటుంది. తడి తగిలిన చోట అంచు సరిగా అతకదు, ఆ సన్నటి సందులోకి బ్యాక్టీరియా చేరుతుంది. బాబు బాగా సహకరిస్తే, డాక్టర్ రబ్బర్ డ్యామ్ (ఉమ్మి తగలకుండా పన్ను చుట్టూ కట్టే రబ్బరు తెర) కట్టి చేస్తే కాంపోజిట్ కూడా బాగానే నిలుస్తుంది. గ్లాస్ అయొనమర్ తడిని ఎక్కువ సహిస్తుంది.

ఎడమపక్కది వేరు. పళ్ల సందులో ఉన్న పుచ్చుకి గ్లాస్ అయొనమర్ ఒక్కటే పెడితే విరిగే అవకాశం ఎక్కువ. ఆ పన్నుకి స్టీల్ క్యాప్ నా సలహా. స్కాట్లండ్‌లో నోర్నా హాల్ అనే డెంటిస్ట్ చేసిన పద్ధతి ఉంది, ఆమె పేరుతోనే హాల్ టెక్నిక్ అంటారు. పన్ను కోయరు, పుచ్చు తీయరు, సూది వేయరు. తయారుగా దొరికే స్టీల్ క్యాప్‌లో గ్లాస్ అయొనమర్ సిమెంట్ నింపి పంటిమీద నొక్కేస్తారు. లోపల మూసుకుపోయిన బ్యాక్టీరియాకు తిండి అందదు, పుచ్చు అక్కడితో ఆగిపోతుంది. చాలామందికి ఇది నమ్మశక్యంగా ఉండదు. కానీ పాలపళ్లపై దీని ఫలితాలు సాధారణ ఫిల్లింగ్‌లకన్నా బాగున్నాయని పరిశోధనల్లో మళ్లీ మళ్లీ తేలింది. క్యాప్ వెండిరంగులో కనిపిస్తుంది, మొదటి కొద్దిరోజులు కొరుకు కాస్త ఎత్తుగా అనిపిస్తుంది, తర్వాత సర్దుకుంటుంది. నరానికి ఇన్ఫెక్షన్ లేదని ఎక్స్-రేలో చూశాకే చేయాలి.

వరంగల్ బాబాయ్

తీగల ఖర్చు మా అన్న మనవరాలికి కట్టించినప్పుడు చూశాం. మీరు చెప్పింది నిజమే డాక్టర్ గారూ.

టెక్సాస్ తెలుగు నాన్న

ఇక్కడ మా పాప మూడేళ్లప్పుడు ముందుపళ్లు పుచ్చితే డెంటిస్ట్ ఎస్‌డీఎఫ్ పూశారు. సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్. ఒక చుక్క ద్రవం బ్రష్‌తో రాసి నిమిషంసేపు ఆరనిచ్చారు, అంతే. పాప ఏడవలేదు. పుచ్చు ఆగింది, ఆ భాగం గట్టిపడింది. కానీ పుచ్చిన చోటు నల్లగా అయిపోయింది. ఫొటోల్లో కనిపిస్తుందని మా ఆవిడ బాధపడింది. మత్తు ఇచ్చి ఆసుపత్రిలో చేయించాల్సిన పని తప్పింది కాబట్టి మేమైతే సంతృప్తిగానే ఉన్నాం. అమెరికాలో దీనికి 2014లో పళ్లు జివ్వుమనడం తగ్గించే మందుగా అనుమతి ఇచ్చారు, పుచ్చు ఆపడానికి డెంటిస్టులు తమ విచక్షణతో వాడుతున్నారు. ఇండియాలో దొరుకుతుందా?

బీడీఎస్ ఫైనలియర్ (విజయవాడ)

దొరుకుతుంది సార్, మా కాలేజీలో పిల్లల విభాగంలో వాడుతున్నాం. జపాన్‌లో చాలా దశాబ్దాల నుంచి వాడకంలో ఉంది. మామూలుగా వాడేది 38 శాతం ద్రావణం, అందులో ఫ్లోరైడ్ దాదాపు 44,800 పీపీఎం. వెండి బ్యాక్టీరియాను చంపుతుంది, ఫ్లోరైడ్ మెత్తబడిన పంటిని గట్టిపరుస్తుంది. అంత గాఢంగా ఉంటుంది కాబట్టే ఒక్క చుక్కే వాడతాం, చిగుళ్లకి తగలకుండా వాజలీన్ రాస్తాం. వెండి అలర్జీ ఉన్నవాళ్లకి వాడకూడదు. నరం దాకా వెళ్లిన పంటికి పనికిరాదు.

ఎస్‌డీఎఫ్ పూసి, దానిమీద గ్లాస్ అయొనమర్ నింపే పద్ధతి కూడా ఉంది. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఫ్లోరైడ్ పేస్ట్, ఎస్‌డీఎఫ్, గ్లాస్ అయొనమర్ మూడింటినీ చేర్చింది. పళ్ల సిమెంట్‌కి ఆ జాబితాలో చోటు దక్కడం మా తరగతిలో అందరికీ ఎంతో సంతోషం కలిగించింది.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ (రాజమండ్రి)

పిల్లల గురించి చర్చిస్తున్నారు, పెద్దవాళ్ల ప్రశ్న ఒకటి అడుగుతాను, క్షమించండి. నాకు డెబ్బై దాటాయి. దవడపళ్లలో ఎప్పుడో ఉద్యోగంలో ఉండగా పెట్టించిన వెండి ఫిల్లింగ్‌లు ఉన్నాయి. ఒక్కటీ కదల్లేదు. అందులో పాదరసం ఉంటుందని, యూరప్‌లో నిషేధించారని మా అబ్బాయి తీయించేయమంటున్నాడు. ఇంకా, చిగుళ్లు కిందికి జారి, పళ్ల మొదళ్ల దగ్గర కొత్తగా పుచ్చు మొదలైంది. దానికేం పెట్టించుకోవాలి?

ఖమ్మం పళ్ల డాక్టర్

పెద్దాయన గారూ, క్షమించమనడం దేనికండీ, అందరికీ పనికొచ్చే ప్రశ్న.

మీరు చెప్పే వెండి ఫిల్లింగ్‌నే అమాల్గం అంటారు, అందులో దాదాపు సగం పాదరసమే. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి 1 నుంచి, తప్పనిసరి వైద్య అవసరం ఉంటే తప్ప, కొత్తగా పెట్టడం ఆపింది. పాదరసం వాడకాన్ని తగ్గించడానికి దేశాలు చేసుకున్న మినమాటా ఒప్పందంలో మన దేశం కూడా ఉంది. పదిహేనేళ్లలోపు పిల్లలకి, గర్భిణులకి, పాలిచ్చే తల్లులకి అమాల్గం వద్దని 2022లో ఆ ఒప్పంద దేశాలు నిర్ణయించాయి. ఈ నిర్ణయాల వెనక ముఖ్యమైన భయం పర్యావరణానిది, పాదరసం నీళ్లలో, చేపల్లో చేరడం గురించి. బాగా ఉన్న పాత ఫిల్లింగ్‌ను తీయించమని ఏ పెద్ద సంస్థా చెప్పడం లేదు. తీసేటప్పుడు కోయడంవల్ల పాదరసపు ఆవిరి ఎక్కువ వస్తుంది, మంచి పన్ను కొంత పోతుంది. అంచులు విరిగి, కింద పుచ్చు చేరితే అప్పుడు మార్చుకోండి. మీ అబ్బాయిగారికి ఇది చెప్పండి.

పళ్ల మొదళ్ల పుచ్చుకి మాత్రం గ్లాస్ అయొనమర్ చాలా సరైనది. అక్కడ ఎనామెల్ ఉండదు, చిగురు పక్కన తడి వస్తూనే ఉంటుంది, కాంపోజిట్ అతకడం కష్టం. నమిలే ఒత్తిడి తక్కువ కాబట్టి సిమెంట్ విరిగే భయమూ లేదు. రెజిన్ (కాంపోజిట్‌లో ఉండే ప్లాస్టిక్ లాంటి పదార్థం) కలిపిన గ్లాస్ అయొనమర్ అయితే రంగు బాగా కలుస్తుంది. మీరు బీపీకి గాని, నిద్రకి గాని మందులు వాడుతున్నారా? కొన్ని మందులవల్ల నోరు ఎండిపోతుంది, మొదళ్ల పుచ్చుకి అదొక పెద్ద కారణం.

రిటైర్డ్ పోస్ట్‌మాస్టర్ (రాజమండ్రి)

వాడుతున్నాను. నోరు ఎండిపోతోంది, నిజమే. పంటికీ దానికీ సంబంధం ఉంటుందని ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. డాక్టర్ గారికి చూపించి మందు సంగతి అడుగుతాను. చాలా సంతోషం బాబూ.

నెల్లూరు అమ్మాయి

నోరు ఎండిపోవడం అన్నారు కాబట్టి మా నాన్నగారి సంగతి రాస్తున్నాను. ఆయనకి గొంతు దగ్గర క్యాన్సర్ వస్తే రేడియేషన్ ఇచ్చారు. జబ్బు తగ్గింది, దేవుడి దయ. కానీ ఏడాది తిరిగేసరికి పళ్లన్నీ మొదళ్ల దగ్గర గోధుమరంగుకి తిరిగి, ముట్టుకుంటే రాలిపోయేలా అయ్యాయి. రేడియేషన్‌కి ముందు పళ్లు చూపించుకోమని మాకు ఎవరూ చెప్పలేదు. కాంపోజిట్ పెట్టిస్తే దాని చుట్టూ మళ్లీ పుచ్చింది. చుట్టలు, గుట్కా అలవాటున్న మన ఊళ్లలో ఈ క్యాన్సర్లు ఎంతమందికి వస్తున్నాయో చూస్తూనే ఉన్నాం. ఇది చదివిన ఒక్క కుటుంబమైనా ముందుగా పళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే బాగుండని రాస్తున్నాను. ఇప్పుడు మా నాన్నకి ఇంకేమైనా చేయవచ్చా?

ఖమ్మం పళ్ల డాక్టర్

అమ్మా, మీరు రాసినందుకు కృతజ్ఞతలు. తల, మెడకు రేడియేషన్ ఇస్తే లాలాజల గ్రంథులు దెబ్బతింటాయి. లాలాజలం లేకపోతే నేను పైన చెప్పిన మరమ్మతు జరగదు, ఆమ్లం ఒక్కటే పని చేస్తుంది. అందుకే అంత తొందరగా పోతాయి.

ఇలాంటి నోట్లో గ్లాస్ అయొనమర్‌కి ఒక విచిత్రమైన గుణం కనిపిస్తుంది. ఎండిన నోట్లో ఆమ్లానికి సిమెంట్ కొంత అరిగిపోతుంది, ఒక్కోసారి ఊడిపోతుంది కూడా. కానీ దాని చుట్టూ ఉన్న పన్ను కాంపోజిట్ చుట్టూ పుచ్చినంతగా పుచ్చదు. ఫిల్లింగ్ అరిగితే మళ్లీ నింపుకోవచ్చు, పన్ను అరిగితే తిరిగి రాదు. అందుకని మొదళ్ల దగ్గర దాన్నే పెట్టించి, తరచుగా చూపించుకుంటూ అరిగినప్పుడల్లా నింపించుకోండి. ఫ్లోరైడ్ జెల్ రోజూ వాడాలి, అది న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ రకం అయి ఉండాలి. ఆమ్లం కలిసిన రకం జెల్ ఈ సిమెంట్‌నే తినేస్తుంది. మీ డాక్టర్‌ని ఈ ముక్క తప్పకుండా అడగండి.

పళ్లు పీకించాల్సి వస్తే తొందరపడకండి. రేడియేషన్ తగిలిన దవడ ఎముక మానడం కష్టం. క్యాన్సర్ వైద్యం చేసిన డాక్టర్‌ని, ఓరల్ సర్జన్‌ని ఇద్దరినీ సంప్రదించాకే నిర్ణయించండి. హైదరాబాద్, విజయవాడల్లోని ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఈ విభాగాలన్నీ ఒకేచోట ఉంటాయి, ఖర్చు కూడా తక్కువ.

నెల్లూరు అమ్మాయి

ఆయన వాడే జెల్ డబ్బా తీసి చూశాను. ఆమ్లం ఉన్నదే. రేపే అడుగుతాను. చాలా థాంక్స్ డాక్టర్ గారూ.

టెక్సాస్ తెలుగు నాన్న

ఒక ప్రశ్న డాక్టర్ గారూ. ఇప్పుడు బయోయాక్టివ్ ఫిల్లింగ్‌లని, అంటే పంటికి మేలు చేసే అయాన్లు వదిలేవని చాలా ప్రచారం జరుగుతోంది. సెన్షన్, యాక్టివా లాంటివి. అవి గ్లాస్ అయొనమర్‌కన్నా మెరుగా?

ఖమ్మం పళ్ల డాక్టర్

సెన్షన్‌లో క్షారగుణం ఉన్న గాజు ఉంటుంది. ఆమ్లం తగిలినప్పుడు కాల్షియం, ఫ్లోరైడ్, హైడ్రాక్సైడ్ అయాన్లు వదులుతుంది. గ్లాస్ అయొనమర్‌కన్నా గట్టిది, నేను కూడా పెద్దవాళ్ల దవడపళ్లకి వాడుతున్నాను, ఇప్పటిదాకా బాగానే ఉంది. కానీ గ్లాస్ అయొనమర్‌కి యాభై ఏళ్ల అనుభవం ఉంది, వీటికి ఇంకా అంత చరిత్ర లేదు. లోతైన పుచ్చులో నరం పక్కన పెట్టే బయోడెంటిన్, ఎంటీఏ వేరే కోవ. అవి నరాన్ని బతికించుకోవడానికి, పుచ్చు ఆపడానికి కాదు.

ఇద్దరు పిల్లల అమ్మ (హైదరాబాద్)

ఇంట్లో మాట్లాడుకున్నాం. కుడిపక్క సిమెంట్, ఎడమపక్క స్టీల్ క్యాప్ చేయిద్దామని నిర్ణయించుకున్నాం. మొదటి క్లినిక్ వాళ్లకి హాల్ టెక్నిక్ గురించి చెబితే వాళ్లే చేస్తామన్నారు. అత్తగారు కూడా వస్తానన్నారు. పెట్టించాక ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

బీడీఎస్ ఫైనలియర్ (విజయవాడ)

అక్కా, గ్లాస్ అయొనమర్ పూర్తిగా గట్టిపడటానికి 24 గంటలు పడుతుంది. ఆ రోజంతా అటువైపు గట్టివి నమలనివ్వకండి. డాక్టర్ పైన వాజలీన్ గాని వార్నిష్ గాని రాస్తారు, రాయకపోతే అడగండి. మొదటి గంటల్లో తడి ఎక్కువ తగిలితే సిమెంట్ పైభాగం మెత్తబడుతుంది, మరీ ఎండిపోతే పగుళ్లు వస్తాయి. రాత్రి పడుకునే ముందు ఫ్లోరైడ్ పేస్ట్‌తో మీరే తోమండి, ఆరేళ్ల పిల్లలు సొంతంగా వెనకపళ్లు సరిగా తోమలేరు. తోమాక ఉమ్మేయమనండి, నీళ్లు పుక్కిలించి కడిగేయవద్దు. పాలలో చక్కెర, స్కూల్ బ్యాగ్‌లో బిస్కెట్లు, ఇవి ఎన్నిసార్లు నోట్లోకి వెళ్తున్నాయో చూడండి. ఎంత తిన్నాడన్నదానికన్నా ఎన్నిసార్లు తిన్నాడన్నదే ముఖ్యం.

ఖమ్మం పళ్ల డాక్టర్

ఒకటి మర్చిపోకండమ్మా. బాబుకి ఆరేళ్లు కదా, పాల దవడపళ్ల వెనక మొదటి శాశ్వత దవడపన్ను వస్తూ ఉంటుంది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి తల్లిదండ్రులు దాన్ని కూడా పాలపన్నే అనుకుంటారు. లోతైన గాడులుంటాయి, సగం చిగురు కప్పి ఉంటుంది, బ్రష్ అందదు. మన పిల్లల్లో అన్నిటికన్నా ముందు పోయే శాశ్వత పన్ను అదే. సగమే వచ్చింది కాబట్టి పొడిగా ఉంచడం కుదరదు, అందుకని ఆ గాడుల్లో ఇప్పుడు గ్లాస్ అయొనమర్‌నే పల్చగా సీలెంట్‌లా (గాడుల్ని మూసే పొరలా) పూయించండి. పన్ను పూర్తిగా వచ్చాక రెజిన్ సీలెంట్ వేయించవచ్చు. ఎక్స్-రేలో కనిపించిందేమో అడిగారా?

ఇద్దరు పిల్లల అమ్మ (హైదరాబాద్)

ఇప్పుడే టార్చ్‌తో చూశాను. కింద రెండుపక్కలా వెనకాల తెల్లగా కొనలు కనిపిస్తున్నాయి. అవి కొత్తపళ్లని నాకు తెలియదు. అదే రోజు సీలెంట్ కూడా వేయించవచ్చా?

ఖమ్మం పళ్ల డాక్టర్

వేయించవచ్చు. కుడిపక్క సిమెంట్ కలిపినప్పుడే రెండు పక్కలా పూసేస్తారు, కొద్ది నిమిషాల పని. పైపళ్లు ఇంకా రాలేదు కాబట్టి ఆరు నెలల తర్వాత మళ్లీ తీసుకెళ్లి చూపించండి.